దైవభీతియు దండనీతియు

నీతికి మూలము దైవభీతి యనియు, శాసనమునకు ప్రాణము ధర్మశాస్త్ర మనియు, ఈ రెంటికిని దూరమైన ప్రభుత్వ మెంత నేర్పుతో నడచినను తుదకు దుర్జనుల పాలగు ననియు చెప్పు వాద మొకటి మన దేశమున పండితసభలను దాటివచ్చి నేడు శాసనసభల వాకిట నిలిచియున్నది. మంగళగిరి కొండమెట్ల మొదట బెల్లమును టెంకాయలును అమ్ముకొను ముసలవ్వను పలుకరించినను, మగ్గపు గుంటలో కాళ్లాడించుచు చీర నేయుచున్న పెద్దాయనను కదలించినను, "దేవుడంటే భయం పోయింది బాబూ, అందుకే లోకం ఇట్టా తగలడింది" అను మాటయే వినవచ్చును. వారి నోట నది బ్రదుకు బరువుచే వెలువడిన నిట్టూర్పు. దానితో నాకు తగవు లేదు. ఆ నిట్టూర్పునే యెత్తుకొని, దానికి సెక్షనులును సబ్‌సెక్షనులును తొడిగి, శిక్షాస్మృతిగా మార్చబూనిన పెద్దలతోనే నా తగవు.

ఆ ప్రయత్నమునకు మన ప్రాంతమే రంగస్థల మైనది. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ ప్రసాదమునకు వాడిన నేతిలో జంతువుల కొవ్వు కలిసిన దని రాష్ట్ర ముఖ్యమంత్రియే ఆరోపించుటయు, ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ నంబూరు దశావతార వేంకటేశ్వరాలయమున పదునొకండు దినముల ప్రాయశ్చిత్త దీక్ష పూని బెజవాడ కనకదుర్గమ్మ గుడి మెట్లను కడుగుటయు, అక్టోబరు 3న తిరుపతి సభలో వారాహి డిక్లరేషను పేర సనాతన ధర్మ పరిరక్షణకై దేశమంతటికిని వర్తించు గట్టి చట్టమును, దానికి తోడుగా నొక బోర్డును కోరుటయు పాఠకు లెరిగినవే. ఆయన పార్టీ కేంద్ర కార్యాలయము మంగళగిరిలోనే యున్నది. దీక్షను గూర్చి నేనేమియు ననను. దీక్ష ఆయన సొంతము, మెట్లు దుర్గమ్మవి. చట్టము మాత్ర మందరిది.

దైవభీతి మనుజుని పాపమునుండి మరలించు నను సిద్ధాంతమును పరీక్షించుటకు ఈ నేతి యుదంతముకంటె అనువైనది కోరినను దొరకదు. ఏలయన, సరకు వేంకటేశ్వరునిది, కొన్నది దేవస్థానము, అది ఎవని నైవేద్య మగునో అమ్మినవారికి తెలియును, లోకములో ఆ భీతి పనిచేయదగిన చోటు ఒక్కటియే యున్నచో అది ఆ కొండయే కావలెను. కల్తీ జరిగిన దందురా, దైవసన్నిధి వాకిటనే దైవభీతి కొరగాకపోయిన దని ఒప్పుకొనవలెను. జరుగలే దందురా, కోట్లాది జనుల ప్రసాదముపై నిలువని నింద మోపుటకు భక్తులే వెనుదీయలే దని ఒప్పుకొనవలెను. ఏ దారిని పోయినను సిద్ధాంతమునకు గతి లేదు. సత్యము తేల్చుటకు మన మెవరి నాశ్రయించితిమో అదియు గమనింపదగినది. మొదట గుజరాతులోని ఆనంద్ పట్టణపు ప్రయోగశాలను. పిదప, సుప్రీంకోర్టు అక్టోబరు 4న ఏర్పరచిన, సి.బి.ఐ. అధికారు లిద్దరును, రాష్ట్ర పోలీసు లిద్దరును, ఆహార భద్రతా సంస్థవా రొకరును గల దర్యాప్తు బృందమును. ఆలయమున జరిపిన శాంతిహోమము భక్తుల మనస్సులకు శాంతి నొసగియుండును. నేతిడబ్బాలో నున్న దేమో చెప్పుటకు మాత్రము పరీక్షానాళికయే కావలసివచ్చినది. ఈ రెంటిలో దేని పని దానిదే యని తెలిసియు, హోమము చేయువారిచేతనే దర్యాప్తును గూడ నడిపింప వలె నన్నట్లు మాటలాడుట మన కాలపు వింత.

దేవునికి భయపడువారు దేవుని సొమ్ము తినరు గదా యని మన పూర్వులును నమ్మిరి. ఆ నమ్మకమునకు చెల్లించిన మూల్యము చరిత్రలో నున్నది. 1817 నాటి రెగ్యులేషను వలన మద్రాసు రాజధానిలో దేవాదాయముల పర్యవేక్షణ రెవిన్యూ బోర్డు చేతిలో నుండెడిది. క్రైస్తవ ప్రభుత్వము విగ్రహారాధనకు కాపు కాయుట తగదని మిషనరీలు అలజడి చేయగా కంపెనీవారు క్రమముగా చేయి వెనుకకు తీసిరి. 1863 చట్టముతో గుళ్లు ధర్మకర్తలకును స్థానిక కమిటీలకును దక్కెను. ఒక మతమువారి పాపభీతి మరియొక మతమువారి దేవుళ్ల ఆస్తికి దిక్కు లేకుండ చేసిన విచిత్ర మిది! తరువాతి అరువది సంవత్సరములలో మాన్యములు కౌలు పేరనో కుదువ పేరనో బంధువుల పేరనో కరగిపోయిన ఊళ్లు ఎన్నియో. కరగించినవారు నాస్తికులు కారు. నొసట నామమో విభూతియో లేక గడప దాటనివారు. భక్తుడు తెచ్చిన పానకములో సగమే పుచ్చుకొని తక్కిన సగము ప్రసాదముగా విడుచు నని ప్రతీతి గల స్వామి మన మంగళగిరి కొండమీద నున్నాడు. ఆ పాటి మితము నైనను పాటించిన ధర్మకర్తలు దేశమున నరుదైరి. అందుకే పానగల్లు రాజా ప్రభుత్వము 1925లో దేవాదాయ చట్టమును తేవలసివచ్చెను. అది 1927లో మరల శాసింపబడెను. 1951, 1966, 1987 చట్టము లన్నియు ఆ త్రోవనే వచ్చినవి. జస్టిస్ చల్లా కొండయ్య కమిషను సిఫారసుల ననుసరించి వచ్చిన 1987 చట్టము వంశపారంపర్యపు హక్కులను రద్దు చేయగా, మతమే మునిగిపోయిన దని గగ్గోలు పుట్టెను. 1996లో సుప్రీంకోర్టు ఆ చట్టమును నిలిపెను. మతము మునుగలేదు, గుళ్లలో రద్దీ తగ్గలేదు. దేవుని సొమ్మునకే కాపలాగా లౌకిక శాసనము కావలసివచ్చిన దేశమున, లౌకిక శాసనమునకు కాపలాగా దేవుని పిలుచుట తలక్రిందుల వ్యవహారము కాదా?

ప్రమాణముల సంగతియు నిట్టిదే. చిత్తూరు చెంత కాణిపాకము వినాయకుడు సత్యప్రమాణములకు పెట్టినది పేరు. పంచాయతీ సర్పంచి మొదలు మాజీ మంత్రి వరకు, అవినీతి యారోపణ రాగానే "కాణిపాకం రా, ప్రమాణం చేద్దాం" అని సవాలు విసరుట మన రాజకీయములలో నిత్యకృత్య మైనది. ఎదుటివాడును వచ్చి తడిబట్టలతో ప్రమాణము చేసినచో నేమి తేలును? ఇద్దరి భక్తియు తేలును. కాంట్రాక్టు సొమ్ము ఎటు పోయినదో తేలదు. ఒకప్పుడు శాసనమే యీ మార్గమును ప్రయత్నించిన దని ఈ తరమువారిలో చాలమంది ఎరుగరు. 1873 నాటి ప్రమాణముల చట్టము ప్రకారము, ప్రతివాది తన మతాచారానుసారముగా ఫలానా ప్రమాణము చేసినచో తా నా మాటకు కట్టుబడుదు నని వాది కోరవచ్చును. అట్లు చేసిన ప్రమాణమే కడపటి సాక్ష్యము. ఇక విచారణ లేదు. దాదాపు నూరేండ్లు ఆ సదుపాయము పుస్తకమున నుండెను. 1969లో క్రొత్త చట్టము దానిని తీసివేసెను. తీసివేసినవారు మతద్వేషులు కారు, న్యాయవేత్తలు. ఇక శాసనసభ్యు లన్ననో, అత్యధికులు దైవసాక్షిగానే ప్రమాణము చేయుదురు. అంతరాత్మ సాక్షిగా చేయువారు కొందరే. అయినను 1984 ఆగస్టులో ఎన్.టి. రామారావు మంత్రివర్గము కూలినప్పుడు ఆ దైవసాక్షి ప్రమాణము ఎవరిని నిలువరించినది? సభ్యులను కాపాడుకొనుటకై వారిని రాష్ట్రము దాటించి శిబిరములలో నుంచవలసివచ్చెను. మరుసటి యేటనే పార్టీ ఫిరాయింపుల నిరోధమునకు రాజ్యాంగమును సవరించిరి. ఫిరాయించినవారు ఆ సవరణకును దారులు వెదకుకొనిరన్నది వేరు మాట. ఐనను అనర్హత నోటీసున కిచ్చిన విలువ సాక్షియైన దేవునికి మాత్రము వా రీయలేదు.

ప్రతిపక్షులు ఇచ్చట నొక ప్రత్యుత్తర మిత్తురు, అది తేలికగా త్రోసివేయదగినది కాదు. "భీతి పాపమును ఆపకపోవచ్చును, కాని పశ్చాత్తాపమును పుట్టించును. శాసనము శిక్షించునే గాని మనస్సును మార్చదు" అని వారి మాట. దీనికి మన మంగళగిరి గాలిగోపురమునే సాక్ష్యముగా చూపుదురు. అమరావతి ప్రభువు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1807-09 నడుమ కట్టించిన ఆ పదునొకండు అంతస్తుల గోపురమునకును, ఆయన కట్టించిన మరికొన్ని గుళ్లకును వెనుక ఒక కథ ఈ సీమలో చెప్పుకొందురు: తన పరగణాలలో దోపిడులు చేయుచున్న చెంచులను విందుకు పిలిపించి నరికించెననియు, నాటినుండి పట్టిన ముద్ద పురుగులై కనుపింపగా ప్రాయశ్చిత్తముగా దేవాలయ నిర్మాణమునకు పూనెననియు. కథలో నెంత నిజమున్నదో చరిత్రకారులు చూచుకొందురు. మన వాదమునకు కథయే చాలును, ఏలయన దానిని నీతికథగా చెప్పుకొనువారు భక్తులే. అందులోని లెక్కను పరిశీలింపుడు. చంపినవాడు రాజు; క్షమింపవలసినవాడు దేవుడు; నడుమ ముడుపు గోపురము. చచ్చినవారి యాండ్రకును బిడ్డలకును ఈ వ్యవహారమున చోటు లేదు. వారి కొక గింజ ముట్టిన దని కథ చెప్పదు, చెప్పవలె నని కథకునకు తోచనుగూడ లేదు. మతమిచ్చు పరిహారము పాపికిని పరమేశ్వరునికిని నడుమ. న్యాయస్థాన మిచ్చు పరిహారము పీడించినవానికిని పీడితునికిని నడుమ. మొదటిది మనశ్శాంతిని చేకూర్చవచ్చును, అపురూపమైన శిల్పమును గూడ మిగుల్పవచ్చును. రెండవదానికి ప్రత్యామ్నాయము కానేరదు. గోపురమును నేను చూచి యానందింపకపోలేదు. కాని దానిని న్యాయమని పిలువుమన్నచో పిలువజాలను.

"మతమే లేకున్నచో సంస్కర్తలు పుట్టుదురా?" అని మరియొక ప్రశ్న. పలనాటిలో చాపకూటి పంక్తిని నడపిన బ్రహ్మనాయుడు చెన్నకేశవుని భక్తుడు కాడా, గాంధీ రామనామమును విడిచెనా యని అడుగుదురు. నిజమే, వారు భక్తులు. కాని చాపకూటిని వ్యతిరేకించినవారును భక్తులే గదా! ఒకే దేవుని పేర ఒకడు అందరిని ఒక్క చాపపై కూర్చుండబెట్టెను, వేరొకడు పంక్తిబాహ్యులను చేసెను. వీరిలో నెవడు మంచివాడో నిర్ణయించు తూకము మతము వెలుపల నుండకపోయినచో మన మిద్దరికిని నమస్కరించి యూరకుండవలసి వచ్చును. రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగము మొదటి వితంతు వివాహమును జరిపించినప్పుడు జరిగినదియు నిదియే. ఆయన శాస్త్రవచనములు చూపెను. పీఠాధిపతులు శాస్త్రవచనములతోనే బహిష్కారపత్రము పంపిరి. వితంతువుల పునర్వివాహమును 1856 నుండి శాసనము అనుమతించుచునే యున్నది. శాస్త్రము శతాబ్దములుగా అట్లే యున్నది. మారిన దేమనగా, తలగొరిగించుకొని వంటయింటి మూల నొదిగిన పసిపిల్ల దుఃఖము కొందరి కండ్లబడుట. కండ్లబడిన పిమ్మట వారు గ్రంథములలో తమకు కావలసిన శ్లోకమును వెదకికొనిరి. ఆ కరుణ శ్లోకముకంటె ముందు పుట్టినది. మంగళగిరి చీరకు జరీయంచు ఎంత యందమైనను, చీరను నిలిపి యుంచునది పడుగుపేకల బిగువే. నీతికిని మతమునకును గల సంబంధ మంతకు మించినది కాదు.

సృష్టికర్తను నమ్మని జనపదము నీతిమంతముగా బ్రదుకజాల దనువారు కృష్ణ యొడ్డున నొక పూట నడచి చూడవలెను. ఇక్కడికి కొలది మైళ్ల దూరముననే ధాన్యకటక మహాచైత్యము వెలసెను. జగత్కర్తను అంగీకరింపని బౌద్ధధర్మము అక్కడ శతాబ్దములపాటు వర్ధిల్లెను. ఆ స్తూపమునకు దానములు చేసినవారి పేళ్లు రాళ్లపై నేటికిని చదువవచ్చును. వానిలో విధికు డను చర్మకారుని పేరు నున్నది. తోలుపని చేయువాడు పూర్ణఘట శిల్పమును దానము చేసి, తన వృత్తిని దాచుకొనక తన కుటుంబము పేళ్లతో సహా శిలపై వ్రాయించుకొనగలిగిన సంఘమునకును, వెయ్యేండ్ల తరువాత అదే చర్మకారుని గుడి వాకిటనే నిలిపివైచిన సంఘమునకును నడుమ దైవభీతి పెరిగినదే గాని తరుగలేదు. ఆ వాకిలి తెరచుటకు చివరకు మద్రాసు శాసనసభ 1947లో ఆలయ ప్రవేశ చట్టమును చేయవలసివచ్చెను.

మతమును ప్రభుత్వమును జంటగా కాడికి కట్టి నీతిని దున్నింపజూచిన ప్రయోగము మన జిల్లాలలో నిజముగనే జరిగినది. దాని పేరు స్టూవర్టుపురము. పుట్టుకతోనే నేరస్థు లని ముద్రవేసిన ఎరుకల కుటుంబములను మద్రాసు ప్రభుత్వము 1911 నాటి నేరస్థ తెగల చట్టము క్రింద బాపట్ల చేరువ నొక సెటిల్‌మెంటున కుదిర్చి, 1913 ప్రాంతమున ఆ సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవ సంస్థ చేతిలో నుంచెను. కావలిలో నట్టిదానినే అమెరికన్ బాప్టిస్టు మిషను నడపెను. హాజరు తీసికొనుట, పాసు లేనిదే ఊరు దాటనీయకుండుట పోలీసు పని. ప్రార్థన, పాఠశాల, ప్రవర్తన దిద్దుట మిషను పని. ఒకే కార్యాలయమున రెండును. ఆ మిషను దొరలలో దయాళువు లుండిరి, వారు పెట్టిన బడిలో చదివినవారి మేలును నేను కాదనను. కాని ప్రార్థనామందిరమునకును పోలీసు హాజరునకును నడుమ గోడ లేనప్పుడు ప్రార్థన యెట్టిదగును? పిలిచినప్పుడు వచ్చి మోకరిల్లినవాడు దేవునకు మోకరిల్లెనో, పాసు పుస్తకమునకు మోకరిల్లెనో దొరకెట్లు తెలియును, వానికే యెట్లు తెలియును? చట్టము రద్దయిన పిమ్మటను ఆ ఊరి పేరు తెలుగునాట దొంగతనమునకు పర్యాయముగా మిగిలిపోయెను. తరాల తరబడి మత మొక చేతను, లాఠీ యొక చేతను పట్టి దిద్దిన దిద్దుబాటు ఫల మిది.

పిదప 1970లలో ఆ ఊరి త్రోవ పట్టినవారు బెజవాడ నాస్తిక కేంద్రమువారు. లవణము, ఆయన భార్య హేమలత. ఆమె జాషువ కవి కూతురు. ఆయన గోరా కుమారుడు. గుంటూరు మండలమున పుట్టి అస్పృశ్యత నెరిగిన కవి బిడ్డయు, కృష్ణా మండలము ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రము స్థాపించి సహపంక్తి భోజనములు నడపిన నాస్తికుని బిడ్డయు కలిసి, పాపపుణ్యముల ప్రసక్తి లేకుండ, "మీరు పుట్టు దొంగలు కారు" అను నొక్క మాటతో ఆ కుటుంబముల మధ్యకు నడచిరి. నేరములు విడిచినవారికి ప్రభుత్వముచే భూములును జీవనాధారములును ఇప్పించుటకు పాటుపడిరి. ఈ పని చేయుటకు దైవభీతి వారికిని లేదు, దానిని కలిగింపవలె నన్న కోరికయు లేదు. ఈ వ్యాసకర్త నాస్తికుడు కాడు. గోరా వాదములలో నాకు రుచింపనివి పెక్కు కలవు. కాని దేవుడు లేనిదే నీతి లేదను వాక్యమును బెజవాడ పటమటలోని ఆ కేంద్రము వాకిట నిలుచుండి పలుకుటకు నాకు నోరు రాదు. గాంధీకే రాలేదు: గోరా కుమార్తె వివాహమును సేవాగ్రామమున దేవుని పేరు లేకుండ, సత్యము పేర జరిపించుటకు ఆయన సమ్మతించెను. ఆయన గతించిన పిదప 1948లో ఆ పెండ్లి అక్కడనే జరిగెను.

రాజ్యాంగ నిర్మాతలు ఈ చర్చ నెరుగనివారు కారు. పీఠికను దేవుని పేరుతో ఆరంభింపవలె నని 1949 అక్టోబరు 17న కామత్ ప్రతిపాదింపగా, దేవీనామము గూడ కావలె నని వేరొకరు లేచిరి. దేవుని ఓటునకు పెట్టవల దని పూర్ణిమా బెనర్జీ బ్రతిమాలిరి. ఐనను ఓటు జరిగెను. అనుకూలముగా 41, ప్రతికూలముగా 68. ఆ 68 మందిలో ఎందరో భక్తులు. తమ దేవుడు మెజారిటీపై ఆధారపడువాడు కాడని తెలిసినవారు గనుకనే వారు వ్యతిరేకించిరి.

ఇంతకును మన ఊరి దైవము నరసింహుడు. ఆ కథను చిన్ననాటినుండి వినుచున్న మనము హిరణ్యకశిపుడు దైవమును తిరస్కరించిన పాపి యని మాత్రమే తలచి యూరకుందుము. కథ మరికొంత చెప్పుచున్నది. రాజ్యమున నెవనిని ఆరాధింపవలెనో రాజాజ్ఞచే నిర్ణయించిన ప్రభు వాతడు. ఆ యాజ్ఞను బాలురకు నేర్పుటకు చండామార్కుల బడిని నడపినవా డాతడు. ఒప్పని పిల్లవానిని ఏనుగులచే త్రొక్కించి, కొండకొమ్మునుండి త్రోయించి, తన ఆరాధనను శిక్షాస్మృతితో రక్షింపజూచినవా డాతడు. ప్రహ్లాదుని భక్తికి చట్టము తోడు లేదు, బోర్డు లేదు, గ్రాంటు లేదు. రాజదండము తన కెదురుగా నున్నను అది నిలిచెను. స్తంభమునుండి వెలువడిన స్వామి ప్రహ్లాదుని పక్షమున ఒక ధర్మరక్షణ శాఖను స్థాపించిన ట్లెచ్చటను లేదు.

గన్నవరము చెంత కేసరపల్లిలో 2025 జనవరి 5న జరిగిన హైందవ శంఖారావమున, గుళ్లను ప్రభుత్వము విడిచిపెట్టవలె నని కోరిరి. అందు సగము నాకు సమ్మతమే. హుండీ లెక్కలను చూచుటకు ఆడిటరు చాలును, పూజావేళలను నిర్ణయించుటకు ఐ.ఎ.ఎస్. అధికారి యక్కర లేదు. కాని గుడిలోనుండి ప్రభుత్వము వెడలిపోవలె ననుచునే, ప్రభుత్వములోనికి గుడి రావలె నను కోరికతో గొంతు కలుపువారి తర్కము నాకు బోధపడదు. ఏ మతమువారి మనోభావములనైనను ఉద్దేశపూర్వకముగా గాయపరచుట 1927 నుండి నేరమే. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షను అదియే. విగ్రహభంగమునకు వేరే సెక్షనున్నది, నేతి కల్తీకి 2006 నాటి ఆహార భద్రతా చట్టమున్నది. వీనికి పైబడి క్రొత్త చట్టము పట్టుకొనగల దెవరిని? గాయపరచుటకు గాక దిద్దుటకు మాటలాడినవానినే. అట్టి చట్టమును అట్టి బోర్డును 1881లోనే యున్నచో, బోర్డులో పీఠాధిపతుల ప్రతినిధులు కూర్చుండియుందురు. వారి ఫిర్యాదు బహిష్కారపత్రముతో నాగదు. డిసెంబరు 12 ఉదయమున రాజమహేంద్రవరము మేజిస్ట్రేటు ఎదుట బోనులో నిలువవలసినవాడు వీరేశలింగము.